మీకు తెలుసా? ఆకుల పందిరి, పాతసామాను పెరడు

నరసరావుపేటకు తూర్పుగా, గుంటూరు జిల్లా చేబ్రోలు మండలమందలి కొత్తరెడ్డిపాలెమున, తెలుగే ఇంటిమాటగా గల బెనె ఎఫ్రాయిము అను చిన్న యూదసమాజ మొకటి కలదనియు, వారి ప్రార్థనామందిరము 1991లో వెలసినదనియు పల్నాటివారిలో అనేకులెఱుగరు.

ఆ చిన్న సమాజము మాట అటుంచి, యూదుల ఆచారములలో ఆరుబయలు సైతము పసివారికి పాఠశాల యగుట కలదు. శరదృతువున వచ్చు సుక్కోతు పండుగకు వారు వేయు పర్ణశాలకు కప్పు నేలలో మొలచి కోయబడిన కొమ్మలతోను ఆకులతోను మాత్రమే ఉండవలెననియు, లోపల ఎండకంటె నీడ హెచ్చుగా ఉండవలెననియు, అయినను రాత్రివేళ ఆకుల సందున చుక్కలు కానవచ్చుట మేలనియు నియమము. కొమ్మలు మోసి, కప్పు పలుచనో దట్టమో తలయెత్తి చూచు పసివానికి ఇంతకు మించిన గణితమేల?

ఇజ్రాయేలులో 1939లో ఏర్పడిన స్దె ఎలియాహు అను ఉమ్మడి వ్యవసాయగ్రామమున మల్కా హాస్ అను విదుషి మఱింత సాహసించి, శిశువిద్యాలయపు పెరటిని ఆటబొమ్మలతో గాక పెద్దలు వాడి విడిచిన యంత్రభాగములు, తలుపుచెక్కలు, టైర్లు, గిన్నెలు, పెట్టెలతో నింపెను. రంగుపూసిన జారుడుబల్ల జారుటకే పనికివచ్చును. పాత తలుపో, నేడు వంతెన, రేపు అంగడి, ఎల్లుండి ఓడ. మాచర్లవైపు నాపరాతి తునకలతో బొమ్మరిల్లు కట్టు పిల్లలను చూచినవారికి ఇది వింతగా తోచదు. ఇట్టి పెరటిలో మేకులను, పగిలిన గాజును ఏరివేసి, ఒకప్రక్క నిలిచి చూచుట ఉపాధ్యాయిని పనులలో ముఖ్యము.