మనోవ్యాధికి ముందు కానవచ్చు జాడలు

ఒక యింట ఒకరికి మతి చలించినచో ఆ యింటి బిడ్డలకు పెండ్లి సంబంధములు తప్పిపోవుట పంచాయతీ సభ్యులెరుగని విషయము కాదు. “ఇది వంశమున దిగునా?” అని పెద్దలను ప్రశ్నించువారు అనేకులు. దీనికి శాస్త్రజ్ఞుల సమాధానమేమో తెలిసియుండుట అవసరము.

లేని మాటలు వినబడుట, అకారణమైన అనుమానములు, ఆలోచన చెదరుట స్కిజోఫ్రీనియా అను మనోవ్యాధి లక్షణములు. జీవితకాలమున ఇది సుమారు నూటికి ఒకరికి, లేదా కొంచెము తక్కువగ, వచ్చుచున్నది. తల్లిదండ్రులలో ఒకరికి ఉన్నచో బిడ్డలకు వచ్చు అవకాశము నూటికి సుమారు 10. అనగా 90 మందికి రాదు. ఒకే అండమునుండి పుట్టిన కవలలలో ఒకరికి వచ్చినను, సగము సందర్భములలోనైనను రెండవవారికి రాదు.

బ్రిటన్‌లో 1946 మార్చిలో ఒక్క వారమున జన్మించిన వేలాది శిశువులను పరిశోధకులు వారు పెద్దవారగువరకు గమనించుచు వచ్చిరి. తరువాత ఈ వ్యాధికి గురియైన 30 మంది, పసితనమున తోటివారికంటె సగటున నెలకు పైగా ఆలస్యముగ నడక నేర్చిరని 1994లో వెల్లడియైనది. నాలుగు, ఆరేండ్ల ప్రాయమున వారు ఒంటరిగ ఆడుకొనుటకే ఇష్టపడిరి. అయితే ఆలస్యముగ నడచిన బిడ్డలలో దాదాపు అందరును ఆరోగ్యముగనే పెరుగుదురు. ఏ తల్లియు బెదరనక్కరలేదు. కదలు వస్తువును కంటితో సాఫీగ వెంబడించుటలో రోగులకే గాక, ఆరోగ్యవంతులైన వారి దగ్గరి బంధువులలో కొందరికిని తడబాటు కలదని అమెరికాలో హోల్జ్‌మన్ ప్రభృతులు 1973-74లో చూపిరి. జాడ ఉన్నంతమాత్రమున వ్యాధి ఉన్నట్లు కాదు. ఈ వ్యాధి రాగలదని ముందుగ నిశ్చయించి చెప్పగల రక్తపరీక్ష నేటికిని లేదు.

గ్రామమున అక్కరకు వచ్చు సూచనలు వేరు. ఎదిగిన పిల్లవాడు చదువున హఠాత్తుగ వెనుకబడుట, స్నేహితులను విడుచుట, నిద్ర చెడుట, ఎవరో తన్ను కనిపెట్టుచున్నారనుట గమనింపదగినవి. గంజాయి సేవించువారికి అపాయము హెచ్చు. ఇట్టి మార్పులతో వైద్యుని చేరిన యువజనులలోను మూడేండ్లలో సుమారు నాలుగింట ఒకవంతు మందికే వ్యాధి ముదురుచున్నది. చికిత్స ఎంత త్వరగా మొదలిడిన అంత మేలు.

పెండ్లి చేసిన కుదురునను మాట ఎందరు ఆడపిల్లల బ్రతుకులను బలిగొన్నదో లెక్కలేదు. ఇక గొలుసులు! 2001లో తమిళనాడునందలి ఎర్వాడిలో సంకెళ్లతో కట్టివేయబడిన రోగులు అగ్నిప్రమాదమున తప్పించుకొనజాలక 28 మంది మరణించిరి. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము రోగులను గొలుసులతో బంధించుటను నిషేధించినది. అట్టి యిల్లు గ్రామమున ఉన్నచో సభ్యులు స్వయముగ పోయి, రోగిని ప్రభుత్వ ఆసుపత్రికి చేర్పింపవలెను. టెలీమానస్ 14416 నంబరునకు ఏ వేళనైనను ఫోను చేసి తెలుగులోనే సలహా పొందవచ్చును.