తెల్లని యిల్లు

దసరా పండుగ సమీపించినంతనే మన బీదరు వీథులలో సున్నపు వాసన వ్యాపించును. సామానులు వాకిట చేరును, సాలెగూళ్లు రాలును, రెండు దినములలో పాతయిల్లు క్రొత్తదివలె మెరయును. అయినను చిత్రపత్రికలలో తెల్లని గోడలు, తెల్లని తెరలు, తెల్లని శయ్యలు గల గదులను చూచి, అట్టి యలంకరణము ధనవంతులకే సాధ్యమని తలంచి, తమ యింటిని తక్కువగా నెంచు బాలబాలికలను మేము చూచుచున్నాము. ఇది పొరపాటు. తెల్లదనము పేదయింటి పూర్వార్జితము. దాని స్వభావమును తెలుపుటయే యీ వ్యాసోద్దేశము.

మన పట్టణము ఎర్రని లాటరైటు రాతి పీఠభూమిపై నెలకొని యున్నది. ఆ రాతితో కట్టిన పాతయిండ్ల గోడలు మందము, కిటికీలు చిన్నవి. అట్టి గదిలో గోడ నల్లబడినచో పగటివేళనే దీపము కావలసివచ్చును. వెల్లవేసిన గోడయన్ననో, ఒక్క కిటికీనుండి వచ్చిన వెలుగును గది నలుమూలలకును పంచిపెట్టును. చదువుకొను పిల్లవానికి ఇంతకంటె మేలైన యలంకారము లేదు. పైకప్పునకు వేసిన తెలుపు ఎండను త్రిప్పికొట్టి వేసవిలో ఇంటి వేడిమిని తగ్గించును. మన పొరుగున నున్న తెలంగాణ రాష్ట్రము 2023లో చల్లని పైకప్పుల విధానమును ప్రకటించుటకు ఇట్టి జ్ఞానమే ఆధారము.

ఇక సున్నమనగానేమి? సున్నపురాతిని బట్టీలో సుమారు 900 డిగ్రీల సెంటీగ్రేడు వేడిమిలో కాల్చినచో, అందలి బొగ్గుపులుసు వాయువు వెడలిపోవును. స్వచ్ఛమైన రాయి 100 కిలోలు కాల్చిన 56 కిలోల పొడిసున్నము మిగులును. అది 18 కిలోల నీటిని గ్రహించి, బుసబుస పొంగి, 74 కిలోల తడిసున్నమగును. గోడకు పూసిన పిదప అది గాలిలోని బొగ్గుపులుసు వాయువును మరల స్వీకరించి, నీటిని విడిచి, తిరిగి 100 కిలోల రాయిగా మారును! కావున వెల్ల యనునది కేవలము రంగు కాదు. గోడపై పరచిన పలుచని రాతిపొర. మన యిండ్లలో పరచెడు షాబాదు బండయు సున్నపురాయియే. కాలిక్రింద బండ, గోడమీద వెల్ల—రెండును ఒక్క కుటుంబమువే.

ఈ పొరకు సూక్ష్మరంధ్రములుండును. వానకాలమున గోడ పీల్చిన తేమ వానిగుండ మెల్లగా వెలికిపోవును. మేము ఒకప్పుడు అద్దెకుండిన యింటిలో, శోభ కొరకై, చెమ్మగోడకు నూనెరంగు వేయించితిమి. తేమకు దారి మూసికొనిపోయినది. మరుసటి వానలకే రంగు బుడగలుగా నుబ్బి పెచ్చులుగా రాలినది. అరనెల జీతము అట్లు నేలపాలయ్యెను. తరువాత దానిని గీకించి వెల్ల వేయించిననే గాని గోడ తేరుకొనలేదు.

వెల్ల వేయు పద్ధతి యిది. కిలో పొడిసున్నమునకు సుమారు 5 లీటర్ల నీరు చొప్పున కలిపి, ఒక దినము నాననిచ్చి, ముతకగుడ్డలో వడియగట్టవలెను. వేడినీట కరగించిన తుమ్మబంకను కొలదిగా చేర్చిన సున్నము చేతికంటదు. కిలోకు 3 గ్రాములకు మించకుండ నీలిమందు కలిపిన పసుపుచాయ పోయి తెలుపు నిగ్గుదేరును. పాతపెచ్చులు గీకి, గోడను తడిపి, ఒక పూత నిలువుగాను, అది ఆరిన పిదప రెండవపూత అడ్డముగాను వేయవలెను. తడిగా నున్నప్పుడు వెల్ల వెలవెలబోయినట్లుండును; ఆరిన పిమ్మటనే తెలుపు తేలును. తొందరపడి మందముగా పూయరాదు.

పిల్లలారా, ఒక హెచ్చరిక! పొడిసున్నము నానునప్పుడు నీరు సలసల మరగును. ఆ పని పెద్దలదే; మీరు దరిచేరరాదు. ప్లాస్టిక్ బకెట్టు వాడరాదు. నీటిలో సున్నమును కొంచెము కొంచెముగా వేయవలెను గాని, సున్నముపై నీరు కుమ్మరింపరాదు. వెల్లవేయువారు కండ్లకు అద్దములు ధరించుట మంచిది. కంట సున్నము పడినచో నలుపక, వెంటనే మంచినీటితో అరగంటసేపు కడిగి, వైద్యుని చూడవలెను. ఆలస్యమైన చూపునకే ముప్పు.

అంతయు తెలుపైనచో ఇల్లు వెలితిగా నుండదా యని కొందరడుగుదురు. దీనికి మన బీదరే సమాధానము చెప్పినది. జింకు, రాగి కలిపిన పాత్రపై వెండి పొదిగి, కోటమన్ను కలిపిన ద్రవమున ముంచగా, పాత్ర నల్లబడును. వెండి మాత్రము తెల్లగనే వెలుగును. అదియే బిదరీ పని. 1542 మొదలు 1580 వరకు పాలించిన అలీ బరీద్ షా తీర్పించిన రంగీన్ మహలునందును నల్లరాతిలో ముత్యపుచిప్పను పొదిగిరి. ప్రక్కన నలుపున్నప్పుడే తెలుపునకు వన్నె. కావున తెల్లని గదిలో ఒక నల్లని కొయ్యపెట్టె, ఒక నీళ్లబిందె, గోడయడుగున చేతులు, కాళ్లు తగులుచోట జాజుపట్టె చాలును. ఆ పట్టె మరకను దాచును. పైనున్న తెలుపును కాపాడును. తెరలు, దుప్పట్లు తెల్లనివైనచో వారమువారము ఉతుకుట తప్పదు. తెలుపు ధనమును కోరదు, శ్రద్ధను కోరును. ఆ శ్రద్ధ ఇల్లాలిది మాత్రమే కాదు, ఇంటిల్లిపాదిది.

తుదకొక మాట. మనము సున్నమందుము, కన్నడిగులు సుణ్ణ యందురు, ఉర్దూ పలుకువారు చూనా, మరాఠీవారు చునా యందురు. అన్నిటికిని మూలము సంస్కృతమున పొడి యను నర్థముగల చూర్ణ శబ్దమే. మన వీథిలో నాలుగు భాషలవారి గోడలకును ఒక్కటే తెలుపు. ఈ పండుగకు మీ గోడకు వెల్లవేయుచు, పొరుగింటివారిని ఆ మాట వారి భాషలో నడిగి తెలిసికొనుడు. మన మాటను వారికి నేర్పుడు.