లంఘనం ఒక్కటే చాలునా? – లాక్‌డౌన్ నేర్పిన ఋతుచర్య

2020 ఏప్రిల్ మాసంలో ఒక వేకువన నాచారంలోని మా మేడమీద నిలబడి ఉత్తరంగా చూచాను. మౌలాలీ గుట్ట, దానిమీది దర్గా, గుట్టపైకి పోయే మెట్లు కూడ స్పష్టంగా కనిపించాయి. ముప్పై ఏళ్ళుగా ఆ ఇంట్లోనే ఉంటున్నాను. అంత దూరం నుండి మెట్లు కనిపించడం అదే మొదటిసారి. ఇంతలో మా ఆవిడ పైకి వచ్చి, "ఏమండీ, పిల్ల రాత్రంతా లేవకుండా నిద్రపోయిందండీ" అన్నది.

పిల్ల అనగా మా మనుమరాలు. అప్పటికి దానికి ఆరేళ్ళు. మూడవ ఏటి నుండి తమకశ్వాస, అనగా ఉబ్బసం. రాత్రి రెండు గంటల వేళ ఆయాసంతో లేచి కూర్చోవడం, ఇన్‌హేలర్ పీల్చడం, వీపు నిమురుతూ మేము తెల్లవార్లూ మేల్కొనడం మా ఇంట మామూలు విషయం. వైద్యవృత్తిలో ఉండి కూడ ఇంటిబిడ్డకు పూర్తి ఉపశమనం కలిగించలేకపోతినే అన్న బాధ నాకు లోలోపల ఉండేది. ఆ ఏప్రిల్, మే మాసాలలో ఆ బిడ్డ ఒక్క రాత్రి కూడ లేవలేదు.

ఒక్క బిడ్డ అనుభవం శాస్త్రప్రమాణం కాదు. ఆ రోజులలో బడి లేదు, తోటిపిల్లల జలుబులు అంటలేదు, ముఖానికి గుడ్డ కట్టుకొనేవారము. గాలి శుభ్రపడడం ఒక్కటే కారణమని చెప్పజాలను. అయితే పలు దేశాలలో ఉబ్బసంతో ఆసుపత్రులలో చేరేవారి సంఖ్య ఆ కాలంలో తగ్గినట్లు వైద్యులు గుర్తించారు. ఆ డిసెంబరు నాటికి గుట్ట మెట్లు మళ్ళీ మసకలో కలిసిపోయాయి. పిల్ల ఆయాసం తిరిగివచ్చింది. రెండు నెలలు కలిగిన మేలు ఎందుకు నిలువలేదన్న ప్రశ్న అప్పటినుండి నన్ను వెంటాడుతున్నది. దానికి నాకు తోచిన సమాధానమే ఈ వ్యాసం.

చరకసంహిత చెప్పిన నాలుగు మూలాలు

చరకసంహిత విమానస్థానంలో మూడవ అధ్యాయం పేరు జనపదోధ్వంసనీయం. ఊళ్ళకు ఊళ్ళు ఒకేసారి రోగాల పాలగుటను గురించిన చర్చ అది. గంగాతీరాన కాంపిల్య నగరంలో, వేసవిలో, ఆత్రేయ మహర్షి శిష్యుడైన అగ్నివేశునికి ఈ విషయం బోధించినట్లు అందులో ఉన్నది. మనుషుల ప్రకృతి, ఆహారం, బలం, వయస్సు వేరువేరు గదా, అందరికీ ఒకే వ్యాధి ఏకకాలంలో ఎట్లా వస్తుందని శిష్యుని సందేహం. అందరికీ ఉమ్మడియైన నాలుగు ఉన్నాయని గురువు సమాధానం. అవి వాయువు, జలము, దేశము, కాలము. ఇవి చెడితే జనపదం చెడుతుంది.

అంతటితో ఆగక ఆయన ఒక క్రమం కూడ చెప్పాడు. ఈ నాలుగింటిలో వాయువు కంటె జలము, జలము కంటె దేశము, దేశము కంటె కాలము తప్పించుకొనుటకు కష్టతరమైనవి. ఈ క్రమాన్ని మా ఉప్పల్, నాచారం ప్రాంతాలకు అన్వయించి చూచినప్పుడు నా ప్రశ్నకు జవాబు దొరికింది.

వాయువు: 2020 మార్చి 22న జనతా కర్ఫ్యూ, 25 నుండి దేశమంతటా లాక్‌డౌన్. ఉప్పల్ చౌరస్తాలో బస్సులు లేవు, తలమీదుగా పోయే మెట్రోరైలు లేదు, నాచారం, మల్లాపూర్ పారిశ్రామికవాడలలో చాలా భాగం మూతపడింది. కొద్ది రోజులలోనే గాలి తేటపడింది. దేశంలోని నగరాలలో ధూళికణాలు, నత్రజని వాయువులు తగ్గినట్లు కొలతలలో తేలింది. పంజాబులోని జలంధర్ వాసులకు దూరాన ఉన్న ధౌలాధార్ మంచుకొండలు కనిపించాయి. గాలిలోని దుమ్ము, పొగ కొన్ని రోజులలో రాలిపోయేవి. కనుకనే ఈ దోషం త్వరగా శమించింది, అంత త్వరగానూ తిరిగివచ్చింది.

జలము: ఉప్పల్ భగాయత్ ప్రక్కనుండి మూసీ పోతుంది. కర్మాగారాలు ఆగినా మన స్నానాల గది, వంటిల్లు, మరుగుదొడ్డి ఆగలేదు గదా! మురుగు యథాప్రకారం పారింది. మా హబ్సిగూడలోని సీసీఎంబీ శాస్త్రజ్ఞులు, ఐఐసీటీ వారితో కలిసి ఆ సంవత్సరం నగరపు మురుగునీటిలో కరోనా వైరస్ జాడలను వెదికి, ఎంతమందికి సోకి ఉంటుందో అంచనా వేశారు. ఇంట్లో దాచిన రోగాన్ని కాలువ చెప్పేసింది. నీరు మన బ్రతుకు తీరును దాచిపెట్టదు. ఎవరో ఒక కర్మాగారం మూసినంత మాత్రాన శుద్ధి కాదు.

దేశము: అనగా నేల. లాక్‌డౌన్ రోజులలో మనుషుల వలన కలిగే సూక్ష్మ ప్రకంపనలు ప్రపంచంలో చాలాచోట్ల సగం వరకు తగ్గినట్లు భూకంపమాపకాలు నమోదు చేశాయి. నేల నిశ్శబ్దమైంది గాని, దానిపై పోసిన సిమెంటు కరుగలేదు, పూడ్చిన కాలువ తెరుచుకోలేదు. అదే సంవత్సరం అక్టోబరు 13న ఘట్‌కేసర్ ప్రాంతంలో ఒక్క రోజులో 30 సెంటీమీటర్లకు మించి వాన కురిసింది. ఉప్పల్, రామంతాపూర్ వైపు కాలనీలు నీట మునిగాయి. చెరువులోనికి పోవలసిన నీరు ఇండ్లలోనికి వచ్చింది.

కాలము: అన్నిటికంటె కష్టమైనది ఇదే. ఋతువులు తమ లక్షణాలు తప్పడమే కాలదోషం. అకాలపు వానలు, అతి ఎండలు దీని గుర్తులు. నేటి వాతావరణ శాస్త్రం దీనికి ముఖ్యకారణం బొగ్గు, పెట్రోలు, డీజిలు మండించగా వచ్చే బొగ్గుపులుసు వాయువని తేల్చింది. ఇది దుమ్మువలె రాలిపోదు. ఒకసారి గాలిలో చేరినదానిలో కొంత భాగం శతాబ్దాలు నిలిచి వేడిని పట్టి ఉంచుతుంది.

లంఘనం వేరు, శోధనం వేరు

లంఘనం పరమౌషధమని మన ఇండ్లలో ముసలివారు కూడ చెబుతారు. లాక్‌డౌన్ ఒక బలవంతపు లంఘనం. 2020 ఏప్రిల్ ఆరంభంలో ప్రపంచపు రోజువారీ బొగ్గుపులుసు వాయువు విడుదల క్రిందటి సంవత్సరంతో పోల్చితే 17 శాతం వరకు తగ్గింది. కాని సంవత్సరం మొత్తం మీద తగ్గినది సుమారు 5 శాతమే. 2021లో అది దాదాపు పూర్వస్థితికి చేరింది.

మరి గాలిలో పేరుకున్న మొత్తం ఏమైంది? హవాయి ద్వీపంలోని మౌనాలోవా పరిశీలనా కేంద్రంలో 2019 మే నెలలో పది లక్షల భాగాలకు 414 పైగా ఉన్న ఈ వాయువు, ప్రపంచం స్తంభించిన 2020 మే నెలలో 417కు పెరిగింది. 2025 మే నాటికి 430 దాటింది. కుళాయి ధార కొంచెం సన్నబడినంత మాత్రాన తొట్టిలో నీరు తగ్గదు. నిండడం కొంచెం ఆలస్యమవుతుంది, అంతే.

సుశ్రుతుడు దోషానికి సంచయం, ప్రకోపం, ప్రసరం, స్థానసంశ్రయం, వ్యక్తి, భేదం అని ఆరు దశలు చెప్పాడు. సంచయదశలోనే నివారించిన వైద్యునికి పని సులభం, ముదిరినకొద్దీ కష్టం. మనం ఇప్పుడు సంచయదశలో లేము. పారిశ్రామిక యుగానికి పూర్వమున్న ఉష్ణోగ్రత కంటె 2024వ సంవత్సరం సుమారు 1.55 డిగ్రీలు అధికమని ప్రపంచ వాతావరణ సంస్థ ప్రకటించింది. రెండు నెలల పస్తు దీనికి మందు కాదు. ఏళ్ళ తరబడి విడువక చేసే పథ్యం కావలెను. ప్రమాదం ముదరకుండా ఉండవలెనంటే ఏటా 7.6 శాతం చొప్పున పదేళ్ళపాటు తగ్గించవలెనని ఐక్యరాజ్యసమితి 2019లోనే చెప్పింది. అంతా మూసి కూర్చున్న ఏడు కూడ ఆ మేరకు తగ్గలేదంటే, మార్పు రావలసినది మనం ఇల్లు కదలకుండా ఉండడంలో కాదు. కరెంటు దేనితో పుడుతున్నది, బండి దేనితో నడుస్తున్నది, ఇల్లు ఎట్లా కడుతున్నాము అన్న మూలాలలో అని తెలుస్తున్నది.

మందు మరొక రోగాన్ని తేరాదు

ఒక రోగాన్ని అణచి వేరొక రోగాన్ని పుట్టించే చికిత్స శుద్ధమైన చికిత్స కాదని వాగ్భటుడు అష్టాంగహృదయంలో హెచ్చరించాడు. ఆ వేసవిలో నెత్తిన మూటలు, చంకన బిడ్డలతో వరంగల్ దారిన కాలినడకన పోతున్న కూలీలను నేను ఉప్పల్‌లో చూచాను. వారిలో కొందరు మా పారిశ్రామికవాడలో పనిచేసినవారే. జ్వరం వస్తే నా వద్దకు వచ్చినవారే. దేశంలో వలస కార్మికుల కొరకు మొదటి ప్రత్యేక రైలు 2020 మే 1న మన లింగంపల్లి నుండే జార్ఖండ్‌లోని హతియాకు బయలుదేరింది. అప్పటికి లాక్‌డౌన్ మొదలై నెల దాటింది. నా మేడమీది తేటగాలికి వారి పాదాలు మూల్యం చెల్లించాయి. కనుక "అప్పుడెంత బాగుండేదో" అని మనబోటి మధ్యతరగతివారు అనుకొనుట న్యాయం కాదు. గాలిని బాగుచేసే ఏ ఏర్పాటైనా కూలివాని కూటిని కొట్టకుండా ఉండవలెను.

నా ప్రజ్ఞాపరాధం

తెలిసి తెలిసి తప్పుచేయడాన్ని ఆయుర్వేదం ప్రజ్ఞాపరాధం అంటుంది. 2019లో కారు నిలుపుటకు చోటు చాలక మా ఇంటి ముందరి వేపచెట్టును నేనే కొట్టించాను. వేప గుణాలను రోజూ రోగులకు చెప్పే నోటితోనే ఆ బేరం కూడ మాట్లాడాను. లాక్‌డౌన్‌లో, ఇకమీదట వైద్యశాలకు నడిచియే పోవుదునని ఇంట్లో ప్రకటించాను. అక్టోబరు నాటికి సందు చివర పెరుగు తేవడానికి కూడ స్కూటరు తీస్తున్నాను. దోషం ఇతరులపై మోపే ముందు ఇది చెప్పుకొనుట నా విధి.

గృహస్థులు ఆచరించదగినవి

1. కిలోమీటరు లోపు పనులకు నడక. ఉదయం పూట నడిస్తే అదే వ్యాయామం. దూరానికి బస్సు, మెట్రో.

2. పప్పు, జొన్నలు, రాగులు ముందుగా నానబెట్టి, గిన్నెపై మూత ఉంచి వండవలెను. ఇంధనం ఆదా, జీర్ణం సులభం.

3. వేసవిలో చల్లని యంత్రాలపైనే ఆధారపడక, వట్టివేళ్ళు వేసిన కుండనీరు, పలుచని మజ్జిగ వాడుకొనవలెను. కిటికీలకు తడిపిన వట్టివేళ్ళ తడకలు కట్టవచ్చును.

4. ఇంటి ఆవరణలో ఇంకుడు గుంత, ఒక్క చెట్టయినా ఉండవలెను. వేప, కానుగ, ఉసిరి మన నేలకు తగినవి.

5. దుమ్ములో తిరుగవలసినవారు బయలుదేరే ముందు ముక్కు రంధ్రాలలో రెండేసి చుక్కలు నువ్వులనూనె వేసికొనవచ్చును. జలుబు, జ్వరం, ఆయాసం ఉన్నప్పుడు వాడరాదు.

6. సాధారణ దగ్గు, గొంతుగరగరకు తులసి ఆకులు పది, మిరియాలు మూడు, శొంఠిపొడి పావు చెంచా రెండు గ్లాసుల నీటిలో వేసి సగానికి మరిగించి, కొంచెం బెల్లంతో రోజుకు ఒకసారి తీసికొనవచ్చును. పైత్యశరీరులు, కడుపులో మంట ఉన్నవారు మానవలెను.

ముఖ్య గమనిక: ఉబ్బసరోగులు డాక్టరు ఇచ్చిన ఇన్‌హేలరును ఏ కషాయం కొరకూ ఆపరాదు. తిప్పతీగ వంటి మూలికలను కూడ వైద్య సలహా లేకుండ నెలల తరబడి తీసికొనరాదు. అట్లా వాడినవారిలో కొందరికి కాలేయం దెబ్బతిన్న ఉదంతాలను ముంబాయి వైద్యులు 2021లో ప్రచురించారు. మంచిదైనా మితం తప్పరాదు.

ఇవి చేస్తే లోకం మారునా అని కొందరు అడుగుతారు. ఇంటి పథ్యం ఒక్కటే చాలదు, నిజమే. 1908 సెప్టెంబరులో మూసీ వరద వేలమందిని పొట్టన పెట్టుకొన్నప్పుడు నగరం అన్నదానాలతో ఆగిపోలేదు. విశ్వేశ్వరయ్యగారి సలహాతో శాశ్వతమైన ఏర్పాటుకు పూనుకొన్నది. 1920లో ఉస్మాన్ సాగర్, 1927లో హిమాయత్ సాగర్ పూర్తియైనవి. విపత్తు పోయిన తరువాత కూడ పని మానకపోవడమే వారి గొప్పతనం. కాలనీ సంఘాలలో, ఎన్నికల వేళ మనం అడుగవలసినది కూడ అట్టి పనులనే: చెరువుకు దారి, బస్సులు, ఎండశక్తితో కరెంటు, చెట్టుకు చోటు.

ఆత్రేయుడు ఆ అధ్యాయంలోనే శిష్యునికి మరొక మాట చెప్పాడు. భూమి తన రసాన్ని కోల్పోవుటకు ముందే ఔషధాలను సేకరించి పెట్టుకొనవలెనని. తరువాత మూలికలు దొరికినా వాటిలో వీర్యం ఉండదు.

2021 జూలైలో మా ఇంటి ముందు మళ్ళీ వేపమొక్క నాటించాను. ఇప్పుడది మేడ గోడను దాటింది. కారు వీధి చివర ఎండలో ఉంటున్నది. మనుమరాలి ఇన్‌హేలరు ఇంకా బల్లమీదనే ఉన్నది. చలికాలపు రాత్రులలో మేము ఇంకా మేల్కొంటూనే ఉన్నాము. వేప ఒక్కటే దానిని తీర్చలేదని నాకు తెలుసు. మా వీధిలో నలభై ఇండ్లున్నాయి. క్రిందటి వర్షాకాలంలో వాటిలో పదకొండింటి ముందు గుంతలు త్రవ్వించాము. మిగిలిన ఇండ్లవారిని ఈసారి అడుగబోతున్నాను. పాఠకులు కూడ తమ వీధిలో అడిగి చూడవలెనని మనవి.