పాలీయురేథేన్ జిగురులు - అణునిర్మాణము, గుణములు

బూటు అడుగును పైతోలుకు అతికించు జిగురు ప్రతి అడుగుకును వంగవలెను, కాని ఊడరాదు. కారు ముందరి అద్దమును పట్టియుంచు జిగురు వానకు, కుదుపులకు ఓర్వవలెను. ఈ రెండు పనులకును పాలీయురేథేన్ జిగురులను వాడుచున్నారు. ఒకే జాతి పదార్థము ఇన్ని విధములుగా పనిచేయుటకు కారణము దాని అణునిర్మాణమే.

1937లో జర్మనీలో ఒట్టో బాయర్, ఆయన సహచరులు ఈ పదార్థములను కనుగొనిరి. రెండు ఐసోసైనేట్ సమూహములు గల అణువులను, రెండు హైడ్రాక్సిల్ సమూహములు గల అణువులతో కలిపినచో, అవి ఒకదాని చివర నొకటి చేరి పొడవైన గొలుసులగును. అవి కలిసిన చోట ఏర్పడునదే యురేథేన్ బంధము.

ఈ గొలుసులో రెండు భాగములు కలవు. హైడ్రాక్సిల్ సమూహములు గల పొడవైన అణువులనుండి వచ్చినది మెత్తని భాగము. అది సులభముగా సాగును. ఐసోసైనేట్ నుండి వచ్చినది గట్టి భాగము. ప్రక్క ప్రక్క గొలుసులలోని గట్టి భాగములు ఉదజని బంధములచే పెనవేసుకొని చిన్న ముడులవలె గుమిగూడును. ఈ ముడులే జిగురుకు బలము. గట్టి భాగము పాలు పెరిగినకొలది జిగురు బిరుసెక్కును. తగ్గినకొలది రబ్బరువలె సాగును. మూడు హైడ్రాక్సిల్ సమూహములు గల అణువులను చేర్చినచో గొలుసులు వలవలె అల్లుకొనును. అట్టి జిగురు వేడికి కరగదు.

మెత్తని భాగమున ఎస్టర్ బంధములున్నచో గొలుసుల మధ్య ఆకర్షణ హెచ్చు. కనుక బలమును హెచ్చు. కాని తేమ ఆ బంధములను మెల్లగా తెంచును. దీనిని జలవిశ్లేషణమందురు. ఏండ్ల తరబడి పెట్టెలో దాచిన బూట్ల పాలీయురేథేన్ అడుగులు వాడకపోయినను పొడియై రాలుటకు తరచు ఇదియే కారణము. ఈథర్ బంధములున్నచో బలము కొంత తగ్గును గాని నీటికి తట్టుకొనును. అయితే ఎండలోని అతినీలలోహిత కిరణములు వానికి హాని చేయును. కారు అద్దము అంచున కనబడు నల్లని పట్టీ జిగురును ఎండనుండి కాపాడుటకు కూడ ఉపయోగపడును.

ఒక వింత గమనింపదగినది. అద్దమునకు పూయు జిగురు గాలిలోని తేమవలననే గట్టిపడును. ఐసోసైనేట్ నీటితో కలిసి బొగ్గుపులుసు వాయువును విడిచి అమీన్‌గా మారును. ఆ అమీన్ మరొక ఐసోసైనేట్‌తో కలిసి యూరియా బంధమేర్పరచును. గట్టిపడక మునుపు వెలువడు ఐసోసైనేట్ ఆవిరి ఉబ్బసము కలిగింపగలదు. గాలి బాగుగా ఆడుచోటనే పని చేయవలెను.

అతుకు నీటిలో నిలువవలెనా, ఎండలో నిలువవలెనా, ఎంత వంగవలెను అని ముందుగా తెలిసికొనినచో, ఏ అణువులను కలుపవలెనో నిర్ణయింపవచ్చును.