చేతికొచ్చిన పని నోటికి రావాలంటే

ఐటీఐలో ఫిట్టర్ పని నేర్చుకున్నవారు అదే పని నేర్పాలంటే మరో ఏడాది శిక్షణ తీసుకోవాలి. దాన్ని క్రాఫ్ట్ ఇన్‌స్ట్రక్టర్ ట్రైనింగ్ అంటారు. హైదరాబాద్ విద్యానగర్‌లోని జాతీయ నైపుణ్య శిక్షణ సంస్థ (పాతవాళ్లకు ఏటీఐ) ఇలాంటి శిక్షణకు పేరున్న చోటు. పని బాగా వచ్చినవాడికి మళ్లీ చదువెందుకని అడిగేవాళ్లుంటారు. మొదటిసారి బ్యాచ్ ముందు నిలబడ్డ రోజున ఆ ప్రశ్నకు జవాబు దొరుకుతుంది.

ఆకురాయి పట్టడమే చూడండి. ఇనుప ముక్కను వైస్‌లో బిగించి ఆకురాయితో చదునుగా అరగదీయడం ఫిట్టర్‌కు తొలి పాఠాల్లో ఒకటి. ఆకురాయి ముందుకు తోసినప్పుడే కోస్తుంది, వెనక్కి లాగేటప్పుడు నొక్కకూడదు. ఇంతవరకు ఎవరైనా చెబుతారు. అసలు కిటుకు చేతుల బరువులో ఉంది. తోపు మొదట్లో కొనను పట్టిన ఎడమచేతి బరువు ఎక్కువ, మధ్యలో రెండూ సమానం, చివరికొచ్చేసరికి పిడి పట్టిన కుడిచేతిది ఎక్కువ. ఈ మార్పు లేకపోతే ఆకురాయి తక్కెడలా ఊగి, ముక్క అంచులు అరిగి నడుమ ఉబ్బుతుంది. ట్రై స్క్వేర్ ఆనించి వెలుతురుకేసి చూస్తే అంచుల దగ్గరి సందు ఇట్టే తెలిసిపోతుంది.

పనితనమున్నవాడి చేతులు ఈ మార్పును వాటంతటవే చేసేస్తాయి, అతనికి అది తెలియను కూడా తెలియదు. అందుకే కొత్త ఇన్‌స్ట్రక్టర్ చకచకా చేసి చూపించి ‘ఇంతే, చేయండి’ అంటాడు. పిల్లలు తలలూపుతారు. పావుగంటకు అందరి ముక్కలూ నడుమ ఉబ్బే ఉంటాయి.

దీనికి విరుగుడు వందేళ్ల కిందటే ఉంది. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో ఓడలు కట్టడానికి పనివాళ్లను త్వరగా తయారుచేయాల్సి వచ్చిన అమెరికాలో, చార్లెస్ అలెన్ ఒక నాలుగు మెట్ల పద్ధతిని వాడి, 1919లో పుస్తకంగా రాశాడు. నేర్చుకునేవాడిని సిద్ధం చేయాలి, చూపించాలి, చేయించాలి, పరీక్షించాలి. అందులో జారిపోయేది ఎక్కువగా మూడో మెట్టు దగ్గరే అని నా అభిప్రాయం. కుర్రాడు తప్పుగా తోస్తుంటే ఇన్‌స్ట్రక్టర్ చూస్తూ ఊరుకోలేక ఆకురాయి లాక్కుని ‘ఇటివ్వు, ఇలా’ అంటూ తానే చేసేస్తాడు. పని పూర్తవుతుంది, పాఠం పూర్తవదు. చేతులు వెనక్కి కట్టుకుని, ‘ఇప్పుడు ఏ చేత్తో నొక్కుతున్నావు?’ అని అడగడం పని చేయడం కంటే చాలా కష్టం.

డ్రిల్లింగ్ మెషిన్ దగ్గర మాత్రం అడుగుతూ నిలబడితే కుదరదు. చక్‌లో కీ వదిలేసి స్విచ్ వేస్తే అది విసురుగా ఎగిరొస్తుంది. చిన్న ముక్కను వైస్‌లో బిగించకుండా చేత్తో పట్టుకుంటే డ్రిల్ బిట్‌తోపాటు గిర్రున తిరిగి వేళ్లు కోస్తుంది. గ్లవ్స్ వేసుకోవడం జాగ్రత్తే కదా అనిపిస్తుంది. కానీ తిరిగే బిట్ గ్లవ్‌ను పట్టుకుంటే చేతినీ లాగేస్తుంది. అందుకే అక్కడ వద్దంటారు. చున్నీలు, వదులు చేతుల చొక్కాలు, విరబోసిన జుట్టు విషయంలోనూ అంతే.

ఫిట్టర్ బ్యాచ్‌లో 20 మంది ఉంటారు. మామూలు తరగతిలో అందరూ టీచర్ వైపు తిరిగి కూర్చుంటారు. వర్క్‌షాప్‌లో ఎవరి వైస్ దగ్గర వాళ్లు, ఎవరి పనిలో వాళ్లు. ఒకరికి వంగి చూపిస్తూ మిగతా పంతొమ్మిది మందికి వీపు తిప్పడం కొత్తవాళ్లు చేసే పొరపాటు. గోడవైపు నిలబడి, గది మొత్తం కనిపించేలా తిరిగి చూపించాలి. కొన్నాళ్లకు చెవులు కూడా పని చేస్తాయి. హ్యాక్సా బ్లేడు వదులైనా, డ్రిల్ బిట్ మొద్దుబారినా శబ్దంలోనే తేడా వినిపిస్తుంది.

కాబట్టి మొదటి రోజు పాఠ్య ప్రణాళిక ఎంత అందంగా రాసుకున్నా, పిల్లలు రాకముందే అక్కడి పాత ఇన్‌స్ట్రక్టర్‌తో కలిసి ఒకసారి షాపంతా తిరగడం మేలు. మెయిన్ స్విచ్ ఎక్కడుంది, ఏ వైస్ సరిగా బిగుసుకోదు, ఏ ఆకురాయికి పిడి ఊడిపోతుంది, ఎవరు చెప్పులతో వస్తారు, ఇవన్నీ ఆయనకే తెలుసు.