ఊరు చుట్టి వద్దాం రండి

క్రిస్మస్ సెలవులకు వేమూరు వెళ్ళినప్పుడల్లా మాది ఒకటే వరుస. తెనాలిలో దిగడం, రేపల్లె పాసింజరు ఎక్కడం, ఇల్లు చేరడం, పండుగ ఆరాధన, విందు, ఆ తర్వాత మంచం, టీవీ, సెల్‌ఫోను. మూడోనాటికి పిల్లలు "ఇక్కడ చూడ్డానికేముంది?" అని విసుక్కోవడం, మేము కూడా నిజమే అనుకొని తిరుగు ప్రయాణానికి సర్దుకోవడం. ఒక ఏడు మాత్రం అమ్మ ఊరుకోలేదు. "ఏమీ లేదో ఉందో చూసొచ్చి చెప్పండి" అన్నది. ఆ మాట పట్టుకొని మర్నాడు తెల్లవారుజామున మేము ముగ్గురం అన్నదమ్ములం, మా పిల్లలు ఐదుగురు గుడి ముందు నుంచి బయలుదేరాం. పెట్టుకున్న నియమం ఒక్కటే. వెళ్ళిన దారిన వెనక్కి రాకూడదు. ఊరు చుట్టి మళ్ళీ గుడి ముందుకే చేరాలి.

మంచు ఇంకా విడలేదు. పేట దాటి రైలుకట్ట పక్కకు వచ్చాం. 1916లో వేసిన మార్గమది. ఒక పక్క జంపని, మరో పక్క పెనుమర్రు. గేటు దాటి పంటకాలువ గట్టెక్కితే అసలు ఊరు కనిపించింది. ఒక చేలో కోసిన వరి పనలు, మరో చేలో కుప్ప, ఇంకో చేలో యంత్రం వచ్చి వెళ్ళిన జాడ. వరి కోయకముందే తడి మీద చల్లిన మినుము అప్పుడే మొలకెత్తి మోళ్ళ మధ్య నుంచి రెండాకులతో తొంగిచూస్తోంది. కొందరు నేల దున్నకుండానే మొక్కజొన్న గింజలు నాటుతున్నారు. కాలువలో గుర్రపుడెక్క మీద కొంగ ఒకటి ధ్యానంలో ఉన్నట్టు నిలబడింది. తాటిచెట్ల వెనుక సూర్యుడు లేచేసరికి, అంతసేపూ ఫోను వదలని పెద్దబ్బాయి దాన్ని జేబులో పెట్టేశాడు.

ఈ పచ్చదనం ఎప్పటినుంచో ఇలాగే ఉన్నదని పిల్లలు అనుకున్నారు. కాదు. 1832–33లో గుంటూరు సీమను డొక్కల కరువు పీల్చి పిప్పి చేసింది. లక్షకు పైగా జనం మడిసిపోయారు. ఆ గాయం ఇంకా పచ్చిగా ఉండగానే, 1842 జూలై 31న ఫాదర్ హయ్యర్ గుంటూరులో అడుగుపెట్టి లూథరన్ మిషను సేవ మొదలుపెట్టారు. దైవభక్తి గల ఇంజనీరు ఆర్థర్ కాటన్ పట్టుదల ఫలించి, కెప్టెన్ ఛార్లెస్ ఓర్ పర్యవేక్షణలో బెజవాడ దగ్గర కృష్ణ మీద ఆనకట్ట 1852లో మొదలై 1855లో పూర్తయింది. దాని స్థానంలో వచ్చినదే 1957 నాటి ప్రకాశం బ్యారేజి. అక్కడి నుంచి బయలుదేరిన నీరు దుగ్గిరాల దగ్గర పాయలై ఈ చేలకు చేరుతుంది. గట్టు మీద నిలబడి ఈ సంగతి చెబితే చిన్నపిల్ల అడిగింది, "అయితే మన ముత్తాతలు ఆకలితో ఉన్నారా?" ఆ ప్రశ్నకు జవాబు చెప్పాక, మధ్యాహ్నం కంచంలోని అన్నం మీద పెట్టిన స్తుతి ప్రార్థన ఎన్నడూ లేనంత నిజంగా వినిపించింది.

నడక సగం దాటాక మా కాళ్ళు నెమ్మదించాయి. కారణం పిల్లలకు తెలియదు, మాకు తెలుసు. ముందున్నది మా తాత పొలం. నాన్నగారు, పెదనాన్నగారు పంచుకున్న ఆ చేను మధ్య గట్టు ఒక ఏడు జానెడు జరిగిందన్నారు. జరిపింది మీరంటే మీరనుకున్నారు. పెద్దలిద్దరూ ప్రభువునందు నిద్రించారు గాని తగాదా మాత్రం నిద్రపోలేదు. పెదనాన్నగారి పెద్దబ్బాయికీ మాకూ తొమ్మిదేళ్ళుగా మాటల్లేవు. ఒకే గుడిలో ఆరాధిస్తాం, ఒకే బల్ల దగ్గర మోకరిస్తాం, వేర్వేరు ద్వారాల గుండా బయటికి వెళతాం. ఆ చేను దాటితే మురుగుకాలువ వంతెన, వంతెన దిగితే అన్నయ్యగారి ఇల్లు. ఊరిలోకి వేరే దారి లేదు.

"ఇక వెనక్కి వెళదామా?" అన్నాడు మా తమ్ముడు. తిన్నగా వెళ్ళి తిన్నగా తిరిగివచ్చే నడకలో ఉన్న సౌకర్యం అదే. ఇష్టం లేనిది కనిపించగానే వెనుదిరగవచ్చు. చుట్టి వచ్చే నడకలో అది కుదరదు. అక్కడ ప్రతి ఇల్లూ దాటాలి, ప్రతి గట్టూ తొక్కాలి.

అప్పుడు మాకు నెహెమ్యా గుర్తుకొచ్చాడు. షూషను కోటలో రాజుకు గిన్నె అందించే పెద్ద ఉద్యోగి అతడు. సెలవు పెట్టుకొని పూర్వీకుల పట్టణానికి వచ్చాడు. మూడు రోజులు గడిచాక రాత్రివేళ కొద్దిమందితో లోయద్వారం గుండా బయలుదేరి, పడిపోయిన గోడలను, కాలిపోయిన గుమ్మాలను చూసుకుంటూ వెళ్ళాడు. ఒకచోట అతడెక్కిన పశువు నడవడానికైనా చోటు లేకపోయింది. చివరికి బయలుదేరిన ఆ లోయద్వారం గుండానే తిరిగి లోపలికి వచ్చాడు (నెహెమ్యా 2:11–16). ఆ తర్వాతనే నోరు తెరిచి "కడదాం రండి" అని పిలిచాడు. గమనించండి! ముందు చూడడం, తర్వాత మాట్లాడడం, ఆ తర్వాత కట్టడం. మనమైతే ఊరికి వచ్చీ రాగానే సలహాలు మొదలుపెడతాం. గోడ ఎక్కడ కూలిందో మాత్రం చూడం. ఎందుకంటే కొన్నిచోట్ల దాన్ని కూల్చింది మనమే.

వేరే దేశాల్లోని విశ్వాసులకు కూడా ఈ నడక తెలుసు. ఇంగ్లండులో ఆరోహణ పండుగకు ముందు రోజుల్లో సంఘమంతా ఊరి పొలిమేర చుట్టూ నడుస్తూ పైరుల కొరకు ప్రార్థించే ఆచారం తరతరాలుగా ఉన్నది. పదిహేడో శతాబ్దపు కవి, పల్లె సంఘానికి కాపరి అయిన జార్జ్ హెర్బర్ట్ ఈ నడకకు నాలుగు ప్రయోజనాలు చెప్పారు. పంటపై దేవుని దీవెన కోరడం ఒకటి. పొలిమేరలు న్యాయంగా నిలబడడం రెండోది. కలిసి నడుస్తూ తగాదాలు తీర్చుకోవడం మూడోది. బీదలకు చేయి చాచి ఇవ్వడం నాలుగోది. ఆయన పోయాక 1652లో అచ్చయిన గ్రంథంలోని మాటలివి. మా వేమూరు గట్టును ఆయన చూడలేదు గాని, చూసి రాసినట్టే ఉన్నది కదా!

వెనక్కి తిరగలేదు. వంతెన దిగేసరికి అన్నయ్య వాకిట్లో పండుగ నక్షత్రం విప్పుతున్నాడు. కాసేపు ఎవరికీ నోరు పెగల్లేదు. "ఈయనెవరు నాన్నా?" అని మా చిన్నవాడు గట్టిగానే అడిగాడు. సొంత పెదనాన్నను బిడ్డ ఎరుగడు! ఆ ప్రశ్న మా ప్రసంగాలన్నిటికంటే పదునుగా తగిలింది. "వందనాలన్నయ్యా" అన్నాం. అన్నయ్య నక్షత్రం కింద పెట్టి, "ఏరా, ఎప్పుడొచ్చారు? లోపలికి రండి" అన్నాడు. వదిన టీ పెట్టింది, పిల్లలకు తేగలు ఉడకేసింది. గట్టు సంగతి ఆ రోజు ఎవరూ ఎత్తలేదు. నిజం చెప్పాలంటే అది ఇంకా తేలలేదు. అయితే మళ్ళీ కొలిపించడానికి ఇద్దరం కలిసే నిలబడదామని ఆ తర్వాత మాట్లాడుకోగలిగాం. పొలిమేర రాతిని జరపవద్దన్న జ్ఞాని మాట (సామెతలు 22:28) రెండు వైపులవారికీ వర్తిస్తుందని ఒప్పుకోగలిగాం.

ఇది ఒక ఇంటి గట్టు. ఇంతకంటే ఎత్తయిన గట్లున్నాయి. వేమూరు నియోజకవర్గంలోనిదే చుండూరు. 1991 ఆగస్టు 6న అక్కడ ఎనిమిదిమంది దళితులను చంపారు. 2007లో ప్రత్యేక న్యాయస్థానం శిక్షలు వేసింది. 2014లో హైకోర్టు నిందితులందరినీ విడుదల చేసింది. ఇంత అందమైన కాలువగట్ల నడుమ ఇంత రక్తం ఎలా ఒలికింది? ఒకరి పేటలోకి మరొకరు అడుగుపెట్టని ఊరిలో ఒకరి ముఖం మరొకరికి తెలియదు. ముఖం తెలియని చోట కనికరం పుట్టదు. అందుకే సెలవుల్లో ఊరు చుట్టేటప్పుడు మనకు తెలిసిన వీధులతో ఆగిపోకూడదు. ఊరి చివరి ఇంటిదాకా, ఎన్నడూ తొక్కని వాకిలిదాకా వెళ్ళాలి.

ఈసారి మీ ఊరు వెళ్ళినప్పుడు ఒక ఉదయం దీనికి కేటాయించండి. నాలుగైదు కిలోమీటర్లు చాలు, గంటన్నర పని. పిల్లలను, ఓపిక ఉన్న పెద్దలను వెంట తీసుకెళ్ళండి. రైలు పట్టాల మీద, జారుడు గట్ల మీద పిల్లల చేయి వదలకండి. మొదటి భాగం మౌనంగా నడవండి. సాయంకాలం పొలంలో ధ్యానించిన ఇస్సాకులాగా (ఆదికాండము 24:63) కళ్ళతోనే స్తుతించండి. రెండో భాగంలో మాట్లాడుకోండి. ఆమడ దూరపు ఎమ్మాయు దారిలో ఇద్దరు శిష్యులు తమ దుఃఖం చెప్పుకుంటుంటేనే గదా ప్రభువు వచ్చి జత కలిశాడు (లూకా 24:13–15). వాళ్ళు కూడా ఆ గడియలోనే లేచి యెరూషలేముకు తిరిగి వెళ్ళారు. మూడో భాగంలో మీకు మాటల్లేని ఇల్లు ఏదైనా ఉంటే ఆ దారినే రండి.

ఆ ఉదయం గుడి ముందుకు చేరేసరికి ఎండెక్కింది. బయలుదేరినప్పుడు ఎనిమిది మందిమి, తిరిగి వచ్చినప్పుడు పదకొండు మందిమి. అన్నయ్య, ఆయన పిల్లలిద్దరూ మాతో నడిచి వచ్చారు. అరుగు మీద కూర్చున్న అమ్మ అందరినీ ఒకసారి లెక్కపెట్టుకుంది. "ఏముందర్రా ఊళ్ళో?" అని మాత్రం అడగలేదు. కొంగుతో కళ్ళు తుడుచుకొని, అన్నయ్యకు కూడా కంచం పెట్టడానికి లోపలికి వెళ్ళింది.