తుమ్మలను గుర్తించుట ఎట్లు?

గుంటూరు, ప్రకాశం జిల్లాలలో పత్తి, మిరప చేల గట్లపై కనిపించు పలు ముండ్లచెట్లను జనులు తుమ్మ అనియే పిలుతురు. కాని వీనిలో ఒకటి రైతునకు ఉపకరించును. మరియొకటి ఏమరినచో చేనినే ఆక్రమించును. వీనిని వేరుపరచుటకు కాయ, బెరడు, ఆకు ముఖ్యమైన గుర్తులు.

నల్లతుమ్మ బెరడు నల్లగా, లోతైన పగుళ్లతో ఉండును. కాయ గింజకు గింజకు నడుమ నొక్కుకొని పూసలదండవలె కనిపించును. తెల్లతుమ్మ బెరడు తెల్లనిది, పొరలుగా ఊడును. కాయ నొక్కులు లేక, బల్లపరుపుగా వంగియుండును.

సర్కారుతుమ్మ కాయ పండినపుడు పసుపుపచ్చగా, కండగలిగి తియ్యగా ఉండును. దీని ఆకులో చిన్న ఆకులను మోయు ఈనెలు సాధారణముగా ఒకటి మొదలు మూడు జతలే. తక్కిన రెండింటిలో సాధారణముగా అంతకంటె హెచ్చు. సందేహము కలిగినచో పూవును చూడవలెను. తక్కిన రెండింటి పూలు గుండ్రని బంతులు. సర్కారుతుమ్మవి పొడవైన కంకులు.

ఇది అమెరికా ఖండపు చెట్టు. 1877 ప్రాంతమున కడప సీమలో నాటబడినది. పశువులు, మేకలు దీని కాయలను ఇష్టముగా తినును. గట్టి పెంకుగల గింజలు అరగక పేడతో వెలువడి బీడుచేలలో మొలచును. నరికిన మోడు మరల చిగుర్చును. కనుక మొక్కగా ఉన్నపుడే గుర్తించి వేళ్లతో పెరికివేయవలెను. బండిచక్రమునకు, నాగలికి కలపనిచ్చు నల్లతుమ్మను మాత్రము దానితోబాటు పెరుకరాదు.